ఖాళీ తక్కెడ

మా మేడం గారు పోయారన్న కబురు వచ్చేసరికి నా రెండు చేతులకీ గ్లవుజులున్నాయి. స్లైడులన్నీ ద్రావణంలో మునిగి ఉన్నాయి. బల్ల మీద ఫోన్ మోగుతోంది, తెర మీద మేడం గారి తమ్ముడి పేరు కనిపిస్తోంది. ఆ వేళప్పుడు ఆయన ఎందుకు చేస్తున్నారో నాకు తెలుసు. కానీ స్లైడుల్ని సగంలో వదిలేస్తే పాడవుతాయి. "చేతిలో పని సగంలో ఉంటే దేవుడు పిలిచినా కాసేపు కూర్చోమను" అని నేర్పింది ఆవిడే. ఫోన్ మోగి మోగి ఊరుకుంది. స్లైడుల్ని కడిగి, వరసగా ఆరబెట్టి, గ్లవుజులు తీసి, అప్పుడు నేనే చేశాను.

"అక్క వెళ్ళిపోయిందమ్మా" అన్నారాయన.

నేను "ఆయ్" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. సముద్రం ఒడ్డున మా ఊరు ఉప్పాడలో ఎవరేం చెప్పినా ముందు నోట్లోంచి వచ్చేది ఆ మాటే. ఫోన్ పెట్టేశాక స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. పక్క గదిలో వాళ్ళు వచ్చి చూసి, ఏమీ అడక్కుండా ఫ్యాను వేసి వెళ్ళారు.

ఆవిడెవరో మీకు చెప్పాలి. రాజమహేంద్రవరంలో ఒక కాలేజీలో జీవశాస్త్రం ప్రొఫెసరు, నా పీహెచ్‌డీకి గైడు. ఊపిరితిత్తుల కేన్సరులో ఒక ప్రొటీన్ చేసే పనేంటో తేల్చడం మా ఇద్దరి పని. చివరికి ఆ కేన్సరుతోనే పోయారు. ఈ మాట చెప్పగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న నాకు తెలుసు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. లేదండీ, ఆవిడ సిగరెట్టు ముట్టి ఎరగరు. వాళ్ళింట్లో ఎవరూ ఎరగరు. మా నాయనమ్మ మాత్రం నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని జీవితమంతా చుట్ట కాల్చింది, మునిమనవల్ని ఎత్తుకున్నాకే పోయింది. అలాగని చుట్ట మంచిదని కాదు, మేడం గారు వింటే నన్ను చంపేస్తారు. చూడటానికి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆ ప్రశ్న వేస్తుంటే ఒళ్ళు మండిపోయేది. ఒకాయన్ని "మీకు షుగరొచ్చినప్పుడు ఎన్ని జిలేబీలు తిన్నారని ఎవరైనా అడిగారా అండి?" అనేశాను కూడా. లోపలి గదిలోంచి మేడం గారు విని నవ్వారు. నవ్వితే దగ్గొచ్చింది.

ఆవిడ దగ్గర చేరడానికి వెళ్ళిన రోజు చదువు గురించి పెద్దగా అడగలేదు. నాన్న సముద్రంలోకి వేటకి వెళ్తాడనీ, అమ్మ చేపలమ్ముతుందనీ చెప్పాను. కళ్ళజోడు పైకి తోసుకుని, "మీ అమ్మగారు చేపలు దేంతో తూస్తారు?" అన్నారు.

"తూయదండి. వాటాలు పోస్తుంది."

"అంటే?"

"కుప్పలు పెడుతుందండి. ఈ కుప్ప ఇంత, ఆ కుప్ప ఇంత అని. కళ్ళతో చూసుకుని కొనుక్కోవడమే."

"అయ్యబాబోయ్! మా నాన్నగారు వింటే దుకాణం కట్టేసేవారు" అని పకపకా నవ్వారు. ఆవిడది వ్యాపారస్తుల కుటుంబం. బజారు వెనక వీధిలో కింద దుకాణం, పైన ఇల్లు. ఎండుమిర్చి, చింతపండు, పసుపు అమ్ముతారు. వాళ్ళ నాన్నగారికి ఒక అలవాటు ఉండేదట. ఎవరొచ్చినా సరే, సరుకు వేసే ముందు ఖాళీ తక్కెడ పైకెత్తి పట్టుకునేవారట. రెండు పళ్ళేలూ ఊగడం మానేసి సమానంగా నిలిచేదాకా ఆగేవారట. "చూశారా అండి" అని అడిగేవారట. ఎదుటి మనిషి తల ఊపాకే రాయి ఒకవైపు, మిరపకాయలు ఒకవైపు. తొందరలో ఉన్నవాళ్ళు విసుక్కున్నా ఆయన మానలేదట.

"పరిశోధనంటే అంతేనమ్మా" అన్నారు మేడం గారు. "ఖాళీ తక్కెడ చూపించకుండా ఎంత తూచినా నేను చూడను."

ఆవిడ అన్నదాన్ని మా ల్యాబులో కంట్రోలు అంటారు. కేన్సరు గడ్డలోంచి తీసిన ముక్కని మైనంలో పెట్టి, ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గాజు స్లైడు మీద అంటిస్తాం. మా ప్రొటీన్‌ని వెతికి పట్టుకునే మందొకటి ఉంటుంది, అది వేస్తాం. ప్రొటీన్ ఉన్నచోట గోధుమ రంగు తేలుతుంది, మిగతాదంతా నీలంగా ఉంటుంది. రంగు ఎంత చిక్కగా ఉందో చూసి మార్కులు వేస్తాం. దాంతోపాటే ఒక స్లైడుకి మిగతా పనంతా చేసి, ఆ వెతికే మందు ఒక్కటే వేయకుండా వదిలేస్తాం. అది నీలంగానే ఉండాలి. అదే ఖాళీ తక్కెడ.

ప్రొటీన్‌కి ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిసిన పేరొకటి ఉంది, మేడం గారు దాన్ని గుమస్తా అనేవారు. కణం గుమ్మం దగ్గరికి వచ్చిన కబుర్లని లోపలికి మోసుకుపోవడం దాని ఉద్యోగం. పెరగమని కబురొస్తే పెరగమంటుంది. కేన్సరులో పెరగాల్సిన పని లేకపోయినా కణం పెరిగిపోతూ ఉంటుంది. "కబురే తప్పుగా వస్తోందా, లేకపోతే గుమస్తా సొంతంగా కల్పించి చెప్తున్నాడా? అది తేల్చు చాలు, నీకు డాక్టరేటు నేనిస్తాను" అనేవారు. ఆవిడ ఇచ్చేదేముంది, యూనివర్సిటీ ఇస్తుంది. కానీ అలా అంటే నాకు బాగుండేది.

స్లైడు అంచున పెన్సిలుతోనే రాయమనేవారు, పెన్ను రాత ద్రావణంలో కొట్టుకుపోతుందని. మైక్రోస్కోపు దగ్గర కూర్చునే ముందు చీర కొంగుతో కళ్ళజోడు తుడుచుకునేవారు, ఆ తర్వాత కళ్ళజోడు తీసేసి చూసేవారు. మరి తుడవడం ఎందుకండీ అంటే "చేతులకి పని" అనేవారు. శుక్రవారం పులిహోర తెచ్చేవారు. అందులో ఎండుమిరపకాయలు వాళ్ళ దుకాణంలోవే, కళ్ళమ్మట నీళ్ళు తిరిగేవి. పేపరు మిల్లు వైపు నుంచి గాలి వీచిన రోజు కిటికీలు మూయిస్తూ, "ఇదిగో, ఇవాళ అందరం ఒకే వాసన పీలుస్తున్నాం, నువ్వూ నేనూ సమానం" అని ఏడిపించేవారు.

మొదట్లో ఒకసారి నా స్లైడులు అద్భుతంగా వచ్చాయి. కేన్సరు ముక్కల నిండా గోధుమ రంగే. గుమస్తా దొరికిపోయాడని మెట్లెక్కి పరిగెత్తుకుంటూ వెళ్ళి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ మొహం పక్కకి తిప్పుకున్నారు. "ముందు ఖాళీ తక్కెడ" అన్నారు. కంట్రోలు స్లైడు ట్రేలోనే ఉంది, దాన్ని చూసే ఓపిక నాకెక్కడిది? పెట్టి చూస్తే అది కూడా గోధుమ రంగే. మందు వేయని స్లైడుకి రంగొచ్చిందంటే, నేను చూసి మురిసిపోయిన రంగు గుమస్తాది కాదు. అసలు రంగు పట్టించే పద్ధతిలోనే ఎక్కడో తేడా ఉంది. దాని మీద కట్టిన పనంతా పోయింది. "మళ్ళీ మొదట్నించీ చెయ్యాలమ్మా" అన్నారు, పులిహోర ఇంకొంచెం పెట్టుకోమన్నంత తేలిగ్గా. నాకు మండిపోయింది. "మీకేం, మీరు కుర్చీలో కూర్చుని చెప్తారు" అని అరిచి, సంచీ తీసుకుని ఉప్పాడ బస్సెక్కేశాను.

ఆ వచ్చే ఆదివారం ఆవిడే ఉప్పాడ వచ్చారు. అమ్మకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. "శాకాహారం ఆవిడకి మనింట్లో ఏం పెడతామే? గిన్నెలన్నీ చేపల గిన్నెలేనే!" అని కొట్టుకి వెళ్ళి కొత్త స్టీలు గ్లాసొకటి కొనుక్కొచ్చి, కొబ్బరి నీళ్ళు పోసిచ్చింది. మేడం గారు తాగి, ఇంకో గ్లాసు అడిగి తాగారు. నా కోపం సంగతి ఎత్తనే లేదు. ముగ్గురం ఒడ్డుకి వెళ్ళి నిలబడ్డాం. రోడ్డు కోసుకుపోకుండా వేసిన రాళ్ళ మీద కెరటాలు కొడుతున్నాయి.

"మీ ఇల్లు మొదట్నించీ ఇక్కడేనా అండి?" అని అమ్మని అడిగారు.

"కాదండి. పాత ఇల్లు అదిగో, అక్కడండి." అమ్మ నీళ్ళలోకి చెయ్యి చూపించింది. "ఆ కెరటం లేస్తోంది చూశారా, ఆయ్, అక్కడే. సముద్రం తినేసిందండి. దానికి ముందుది ఇంకా లోపలండి."

"మరి?"

"మరేముందండీ, వెనక్కి జరిగి మళ్ళీ కట్టుకున్నాం. మానేస్తే ఎక్కడుంటాం?"

మేడం గారు నా వైపు చూశారు. అంతలో దగ్గు తెర వచ్చింది. చాలాసేపు దగ్గి, "ఎండుచేపల ఘాటు అలవాటు లేదు కదమ్మా" అని అమ్మకి సర్దిచెప్పారు. అమ్మ నొచ్చుకుని, ఎండబెట్టిన చేపల మీద పట్టా కప్పి వచ్చింది. సోమవారం నేను ల్యాబులో ఉన్నాను.

ఆ దగ్గు గురించి చెప్పాలి. ఆవిడ ఎప్పటినుంచో దగ్గుతూనే ఉన్నారు. మేమెవరం పట్టించుకోలేదు, ఆవిడ అసలే పట్టించుకోలేదు. కింద మిరపకాయ బస్తాలున్న ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. "మా ఇంట్లో దగ్గనివాళ్ళెవరమ్మా? మా అమ్మ దగ్గింది, నాన్నగారు దగ్గారు, తమ్ముడు ఇప్పుడూ దగ్గుతున్నాడు. బస్తాలు దింపే రోజైతే వీధంతా దగ్గుతుంది" అనేవారు. వాళ్ళ వీధిలో దాన్ని జబ్బు అనుకోరు. ఒక్కొక్కళ్ళ దగ్గు ఒక్కో తీరు, దాన్నిబట్టే మెట్లెక్కేది ఎవరో చెప్తారు. జీవితమంతా ఊపిరితిత్తుల కేన్సరు గురించి చదివి, చెప్పి, స్లైడులు చూసిన మనిషి తన దగ్గుని మాత్రం మిరపకాయల ఖాతాలో వేసేశారు. తెలిసేసరికి కేన్సరు ఎముకల దాకా పాకింది.

ఆస్పత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుని ఆవిడన్న మాట నేను చచ్చినా మర్చిపోను. "ఉప్పాడలో కూడా దగ్గాను కదమ్మా. అక్కడ మిరపకాయల్లేవు. అదీ నా ఖాళీ తక్కెడ. అది నా ముందే ఉంది, నేను చూడలేదు." నేను ఏదో అనబోతే, "ఏడవకు. నీకు చెప్పేది నేనూ చెయ్యలేకపోయానని చెప్తున్నానంతే" అన్నారు.

ఆ తర్వాత ఆవిడ చేసిన పనే ఇదంతా రాయడానికి కారణం. ఆస్పత్రిలో ఆవిడ ఊపిరితిత్తి నుంచి పరీక్షకి ముక్క తీశారు. ఆ ఆస్పత్రి నుంచే మా పరిశోధనకి ముక్కలు వస్తాయి, రోగులు ఒప్పుకున్నాక, పేర్లు తీసేసి నంబర్లు వేసి. ఏ నంబరు ఎవరిదో అక్కడి పేథాలజీ డాక్టరు గారికొక్కరికే తెలుసు. మేడం గారు తన ముక్క కూడా ఇవ్వమని సంతకం పెట్టేశారు. నా గైడు బాధ్యత కాగితాల మీద ఇంకో ప్రొఫెసరుకి అప్పగించేశారు. "నేను ఇటు గైడుగానూ అటు రోగిగానూ ఉండకూడదు" అన్నారు.

"మీదేదో నాకు చెప్పాలండి" అన్నాను.

"చెప్పను. నాకూ తెలియదు. తెలియకూడదు."

"తెలిస్తే ఏమైపోతుందండి?"

అప్పుడు వాళ్ళ బాబాయి గారి సంగతి చెప్పారు. ఆవిడ పీహెచ్‌డీ చేసే రోజుల్లో స్లైడుల మీద పేర్లు ఉండేవట. వాటిలో ఒకటి బాబాయి గారిది, చిన్నప్పుడు సైకిలు మీద బడికి తీసుకెళ్ళిన మనిషి. రంగు చిక్కగా ఉంటే జబ్బు ముదిరినట్టు లెక్క. ఆవిడ మూడు మార్కులు వేయాల్సిన చోట ఒకటి వేశారట. కావాలని కాదు. తర్వాత ఇంకొకరు చూసి సరిచేస్తే, స్లైడు మళ్ళీ చూసినా ఆవిడకి ఒకటిలాగే కనిపించిందట. "అబద్ధం ఆడలేదమ్మా, నిజంగానే అలా కనిపించింది. ప్రేమకి బరువుంటుంది, అదొచ్చి పళ్ళెంలో కూర్చుంటుంది" అన్నారు. దుప్పటి అంచుతో కళ్ళజోడు తుడుచుకుని, "నువ్వు నన్ను బాగా చూసుకున్నావు కాబట్టే చెప్పను" అన్నారు.

చూడటానికి వెళ్ళినప్పుడల్లా "గుమస్తా సంగతేంటి?" అని అడిగేవారు. ఇంకా తేలలేదండి అనేదాన్ని. "తేలేదాకా తేలినట్టు చెప్పకు, నేను సంతోషిస్తానని కూడా చెప్పకు" అనేవారు. ఒక్కసారి చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. గుమస్తా దొరికాడండి, వాడే దొంగ అని చెప్తే ఆవిడ ఎంత పొంగిపోయేవారో! మింగేశాను.

పెద్దకర్మ అయ్యాక దుకాణం మళ్ళీ తెరిచారు. పలకరిద్దామని వెళ్ళాను. మేడం గారి తమ్ముడు కుర్చీ వేసి, మజ్జిగ తెప్పించి, ఎదురుగా కూర్చున్నారు. ఆయన దగ్గగానే మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాను. "మీరు ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీయించుకున్నారా అండి?" అన్నాను. "తీయించానమ్మా, ఏం లేదన్నారు. అక్క పోయే ముందు ఒట్టు వేయించుకుంది" అన్నారు. అప్పుడు గొంతు తగ్గించి అసలు మాట అడిగారు.

"ఆ డాక్టరు గారిని అడిగితే అక్కది ఏ నంబరో మీకు చెప్తారంట కదా. ఆ గుమస్తా అంటారే, వాడు దాంట్లో ఉన్నాడో లేడో ఒక్కసారి చూసి చెప్పండమ్మా. వాడి వల్లే పోయిందని తెలిస్తే... ఏమోనమ్మా, ఎవర్ని తిట్టుకోవాలో తెలుస్తుంది."

నాకూ అదే కావాలి. ఆయన కంటే ఎక్కువ కావాలి. మేడం గారిని తిన్నది నేను ఇన్నేళ్ళూ వెతుకుతున్నదేనా, కాదా? డాక్టరు గారు నా మీద జాలిపడి, "ఒక్క నంబరే కదమ్మా, కావాలంటే చెప్తాను" అని అప్పటికే అని ఉన్నారు. ఒక్క ఫోన్ చేస్తే చాలు. కానీ చివరి విడత స్లైడులకి ఇంకా మార్కులు వేయలేదు, ఆవిడది వాటిలోనే ఉంది. తెలిసి చూస్తే నా కళ్ళు నా మాట వినవు. పోనీ అంతా అయ్యాక తెలుసుకుందామా అంటే, మార్కులు అందగానే ఆస్పత్రిలో పేర్ల జాబితా చింపేస్తారు, నంబరు పక్కన జబ్బు వివరాలే మిగులుతాయి. ఇప్పుడు అడక్కపోతే ఇంక ఎప్పటికీ తెలియదు.

"చెప్తే తూకం తప్పుతుందండి" అన్నాను. నా గొంతు నాకే దొంగగొంతులా వినిపించింది. "ఆ స్లైడుల్లో ఆవిడ ఒక్కరే లేరు. మిగతావాళ్ళకి కూడా అక్కలూ తమ్ముళ్ళూ ఉంటారు కదండి."

ఆయనకి కోపం వచ్చిందనుకున్నాను. ఇంతలో ఒకావిడ వచ్చి అరకిలో మిరపకాయలడిగింది. ఇప్పుడు తక్కెడ లేదు, కరెంటు కాటా ఉంది. ఆయన కాటాని ఆవిడ వైపు తిప్పారు. ఎర్ర అంకెల్లో సున్నా వెలుగుతోంది.

"చూశారా అండి" అన్నారు.

"చూశాలెండి, వేయండి బాబూ, ఆటో ఆగింది" అందావిడ.

మిరపకాయలు తూచి, పొట్లం కట్టిచ్చి, చేతులు దులుపుకుని, కళ్ళు తుడుచుకున్నారు. మిరపకాయలు ముట్టిన చేత్తో తుడుచుకున్నారు పాపం, ఇంకా నీళ్ళు కారాయి. నేను గ్లాసులో మిగిలిన మజ్జిగతేట కళ్ళకి రాసుకోమని ఇస్తే నవ్వి, కుళాయి దగ్గరికెళ్ళి మొహం కడుక్కొచ్చారు.

"వద్దులెండమ్మా" అన్నారు. "చెప్పొద్దు. నేనడిగానని కూడా అనుకోకండి."

ఆ ఆదివారం ఉప్పాడ వెళ్తే, మేడం గారు కొబ్బరి నీళ్ళు తాగిన స్టీలు గ్లాసు గూట్లో బోర్లించి ఉంది. అమ్మ దాన్ని ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదు. నేను చెయ్యి వేస్తే "దాన్ని చేపల చేత్తో ముట్టుకోకే" అని కసిరింది.

నిన్న చివరి విడత స్లైడులకి రంగు పట్టించాను. ఇవాళ పొద్దున్నే మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను. పేపరు మిల్లు గాలి వీస్తోంది, కిటికీలు మూశాను. స్లైడులు ట్రేలో వరసగా ఉన్నాయి, అంచున పెన్సిలు నంబర్లతో. అన్నీ ఒకేలా ఉన్నాయి. వాటిలో ఒకటి నాకు పులిహోర పెట్టిన మనిషి.

ముందు కంట్రోలు స్లైడు పెట్టాను. ఈ మూల నుంచి ఆ మూల దాకా జరిపి చూశాను. అంతా నీలం, ఎక్కడా గోధుమ మరక లేదు. తల ఎత్తి, ట్రేలో ఉన్న అందరికీ వినిపించేలా, "చూశారా అండి" అన్నాను.

కాసేపు ఆగి, మొదటి స్లైడు చేతిలోకి తీసుకున్నాను.